స్నేహం అడిగిన బిషప్

మత సంస్కర్తలను గూర్చి మనం రాసే విమర్శలో ఒక చిత్రమైన సోమరితనం ఉంది. చర్చివారు రాస్తే అది స్తోత్రం అవుతుంది. మనం రాస్తే అభియోగపత్రం అవుతుంది. స్తోత్రంలో మనిషి ఉండడు, అభియోగపత్రంలోనూ ఉండడు. మొదటిదానిలో ఆయన దేవుడి చేతి పనిముట్టు, రెండవదానిలో సామ్రాజ్యవాదం చేతి పనిముట్టు. పనిముట్టుకు సంఘర్షణ ఉండదు, తప్పటడుగు ఉండదు. కనుక రెండు రకాల రచయితలకూ పని సులువు. ఈ సోమరితనాన్ని వదిలించుకోవడానికి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య జీవితం మంచి పరీక్ష అని నా అభిప్రాయం. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. సమానత్వం కావాలని తన పైవాళ్లను నిలదీసిన మనిషి, తన కిందివాళ్లకు ఆ సమానత్వాన్ని ఎంతవరకు ఇవ్వగలిగాడు? అదీ ప్రశ్న.

బొగ్గుగనుల ప్రాంతంలో కూర్చుని ఈయనను గూర్చి రాయడానికి కారణం లేకపోలేదు. డోర్నకల్ మనకు రైలు జంక్షన్‌గానే తెలుసు. ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు బయటపడింది, 1889లో తవ్వకం మొదలైంది. ఆ బొగ్గును మోసే లైను పెద్ద లైనులో కలిసే చోటు డోర్నకల్. ఆ పక్కనున్న సింగరేణి అన్న పల్లె పేరే తర్వాత కంపెనీ పేరైంది. రామగుండం, గోదావరిఖని చాలా తర్వాతి కథ. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, పని చేయడానికి నిజాం రాజ్యంలోని ఈ ప్రాంతాన్నే ఎంచుకున్నారు. అంటే భూమిలేని మాల, మాదిగ కుటుంబాలకు దొర గడీ నీడనుంచి బయటపడడానికి ఇంచుమించు ఒకే కాలంలో రెండు దారులు తెరుచుకున్నాయన్నమాట. ఒకటి గనిలోకి, రెండవది బడిలోకి. ఈనాడు గోదావరిఖని కాలనీల్లో ఆదివారం ప్రార్థనకు పోయే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అజరయ్య పేరు ఎరిగినవారు వారిలో బహు కొద్దిమంది. ఆయన కాలంలో తేలకుండా మిగిలిన ప్రశ్న మాత్రం వారి కులధ్రువీకరణ పత్రాల్లో ఇప్పటికీ కూర్చుని ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి పల్లెటూరి పాస్టరు. కులం నాడార్లు. తిరువాన్కూరులో ఆ కులపు స్త్రీలు ఒంటిమీద పైగుడ్డ కప్పుకోవడానికి కూడా 19వ శతాబ్దంలో పోరాడవలసి వచ్చింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా డిగ్రీ లేకుండానే బయటికి వచ్చాడు. 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతా తిరిగాడు. 1905 చివర సేరంపూరులో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడినప్పుడు దాని స్థాపకుల్లో ఆయన ముఖ్యుడు. మనుషులు భారతీయులు, డబ్బు భారతీయులది, నిర్వహణ భారతీయులది కావాలన్నది ఆ సంఘం నియమం. అదే ఏడు బెంగాల్ విభజన జరిగింది, స్వదేశీ ఉద్యమం లేచింది. చర్చి గోడలు ఎంత మందమైనా బయటి గాలి లోపలికి రాక మానలేదు.

1910 జూన్‌లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు. అందులో ఆసియా ఖండం వారు ఇరవైమందైనా లేరు. ఆ సభలో ముప్ఫయి అయిదేళ్ల అజరయ్య లేచి, విదేశీ మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య ఉన్న సంబంధం యజమానికీ జీతగాడికీ మధ్య ఉన్నటువంటిదేనని చెప్పాడు. తమ కింద ఏళ్ల తరబడి పనిచేస్తున్న భారతీయుడి ఇంటికి ఒక్కసారైనా పోనివారు, తమ ఇంట భోజనానికి పిలవనివారు, చేయి కలపడానికి సందేహించేవారు ఉన్నారని చెప్పాడు. మీరు త్యాగాలు చేశారు, ఆస్తులు ఇచ్చారు, మాకు కావలసింది స్నేహితులు అన్నాడు. సభలో కొందరికి ముఖాలు మాడాయి. ఆ ప్రసంగాన్ని ఇప్పుడు చర్చివారు పండుగ వంటకంలా వడ్డించుకుంటున్నారు. ఆనాడు అది చేదుగానే దిగింది.

ఈ ఘట్టాన్ని మనం తేలికగా తీసుకోరాదు. యజమాని ఊళ్లో, యజమాని ఇంట్లో, యజమాని భాషలో, యజమాని గ్రంథంలోని మాటలనే తిప్పి కొట్టడం చిన్న పని కాదు. దానం వేరు, సమానత్వం వేరు అన్న సత్యాన్ని ఆయన పట్టుకున్నాడు. దానం ఇచ్చే చేయి ఎప్పుడూ పైన ఉంటుంది. ఈ మాటను మనవాళ్లలో చాలామంది ఇంకా అర్థం చేసుకోలేదు.

అయితే విమర్శకుడు ఇక్కడ ఆగి ఇంకొక ప్రశ్న వేయాలి. ఆ స్నేహం ఎవరి కోసం? భోజనాల బల్ల, కరచాలనం, ఇంటికి రాకపోకలు అనే కొలబద్దలు చదువుకున్న భారతీయ క్రైస్తవుడివి. తెల్ల మిషనరీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోగల స్థితికి వచ్చి, కుర్చీ దక్కని మనిషి ఆవేదన అది. న్యాయమైన ఆవేదనే. కాని వెట్టికి పోయే మాదిగవాడికి ఆ బల్ల ఎక్కడుంటుందో తెలియదు. ఎడింబరోలో అజరయ్య భారతీయ చర్చి తరపున మాట్లాడాడు. ఆ చర్చిలో అప్పుడప్పుడే చేరుతున్న తెలుగు కూలివాడికి, చర్చిలో నిజంగా ఒక స్నేహితుడు అవసరమయ్యే రోజు ముందుంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. భారతీయుడి కింద పని చేయవలసి వస్తుందని గునిసిన తెల్ల మిషనరీలున్నారు. మొదట ఆయనకిచ్చిన ప్రాంతం చిన్నది. తర్వాత కృష్ణా, గోదావరి ప్రాంతాలు చేరాయి. 1945 జనవరి 1న ఆయన చనిపోయేదాకా ఒక ఆంగ్లికన్ మండలానికి అధిపతిగా ఉన్న భారతీయుడు ఆయన ఒక్కడే. ముప్ఫయి రెండేళ్లు! ఆ చర్చి ఒక నల్ల బిషప్‌ను తయారుచేసి, చూశారా మా ఔదార్యం అని లోకానికి చూపించి, అంతటితో చేతులు కడుక్కున్నది. అద్దాల బీరువాలో పెట్టిన మనిషి ఎట్లా ప్రవర్తిస్తాడు? ఒళ్లు దగ్గర పెట్టుకుని ప్రవర్తిస్తాడు. ఆయన ఒక్క తప్పు చేస్తే భారతీయులు పనికిరారని తీర్పు చెప్పడానికి కాచుకుని ఉన్నవాళ్లు చుట్టూ ఉన్నారు. ఆయన క్రమశిక్షణా నిష్ఠలో, పెద్దరికంలో, రాజకీయాల పట్ల అతి జాగ్రత్తలో ఈ ఒంటరితనం పాలు చాలా ఉందని నేను అనుకుంటాను. ఇది సమర్థన కాదు, కారణం మాత్రమే.

డోర్నకల్ చుట్టుపక్కల క్రైస్తవులు ఆయనను ‘తండ్రిగారు’ అని పిలిచేవారు. నా దృష్టిలో ఆయన జీవితమంతటిలో అతి ముఖ్యమైన మాట ఇదే. పైవాళ్లను స్నేహం అడిగినవాడు కిందివాళ్లకు తండ్రి అయినాడు. చేసిన పని తక్కువదేమీ కాదు. పాకల్లో బడులు, ఆ బడుల్లో మాల మాదిగల నుంచే వచ్చిన ఉపాధ్యాయులు, రాత్రిపూట ప్రార్థనతో పాటు అక్షరాలు, ఆడపిల్లలకు చదువు - ఇవన్నీ నిజం. భార్య అంబు మరియమ్మాళ్ శ్రమ ఇందులో ఎంతో ఉంది. ఆయన తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని పల్లెల్లో బోధించాడు. ఆయన పోయేనాటికి మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. పలక పట్టుకున్న మాదిగ పిల్లవాణ్ణి చూసి సామ్రాజ్యవాద కుట్ర అని ముక్కు విరిచే అభ్యుదయవాది, ఆ పిల్లవాడి ఎదుట ఆ మాట అనగలడేమో ఒకసారి ఆలోచించుకోవాలి.

కాని తండ్రి బోధ ఏమిటి? మురికి, రోగం, తాగుడు, అప్పు - పల్లె క్రైస్తవుడు ఈ శత్రువులను జయించాలని. చచ్చిన పశువు మాంసం మానాలి, కల్లు మానాలి, ఒక్క పెళ్లితో ఉండాలి, చర్చికి ఇవ్వాలి. ఇందులో తప్పేముంది అంటారు. ఆ జాబితాలో అప్పు ఎక్కడ కూర్చున్నదో చూడండి: తాగుడు పక్కన! తాగుడు మనిషి మానుకోవచ్చు. వెట్టి చేసేవాడి అప్పు మానుకుంటే మానేది కాదు. అది తాతనాడు దొర దగ్గర తీసుకున్న గింజల లెక్క. దొర రాసిన లెక్క. దాన్ని దురలవాటు వరసలో కూర్చోబెడితే, వెట్టివాడు తన దాస్యానికి తానే బాధ్యుడవుతాడు. ఆయన క్రైస్తవుడు ఇవ్వవలసిన కానుకను గూర్చి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. విదేశీ డబ్బు మీద ఆధారపడని చర్చి కావాలన్న ఆత్మగౌరవం ఆ పుస్తకం వెనుక ఉంది. 1905 నాటి స్వదేశీ గాలి అది. ఆచరణలో ఆ స్వావలంబన భారం, వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన వేసే కూలి స్త్రీ మీద పడింది. జాతీయ గౌరవానికి సొమ్ము ఎవరు కట్టారన్నది చర్చి చరిత్రలోనే కాదు, మన జాతీయోద్యమ చరిత్రలోనూ అడగదగిన ప్రశ్నే.

ఈ లోపం ఆయన స్వభావంలో కంటె ఆయన అనుభవంలో ఉంది. నాడార్లు పైకి వచ్చిన తీరు ఆయన కళ్లముందు జరిగింది. బడి, చర్చి, పొదుపు, వర్తకం - మూడు తరాల్లో ఒక అణగారిన కులం దుకాణాలూ తోటలూ సంపాదించుకుంది, పాఠశాలలు కట్టుకుంది. శీలం బాగుపడితే బతుకు బాగుపడుతుందని ఆయన నమ్మడానికి ఆ చరిత్ర చాలు. కాని తాటితోపుల మధ్య నిలదొక్కుకుని వర్తకంలోకి దిగిన నాడారు స్థితి వేరు, వరంగల్, ఖమ్మం పల్లెల్లో దేశ్‌ముఖ్ వాకిట్లో చెప్పులు విడిచి నిలబడే మాదిగ స్థితి వేరు. అక్కడ శీలానికి అడ్డం పడినది అలవాటు కాదు, భూమి. తిరునెల్వేలి మందు తెలంగాణా రోగానికి సగమే పనిచేసింది. మిగతా సగానికి, ఆయన చనిపోయిన ఏడాదిన్నర తర్వాత, 1946లో, ఆ జిల్లాల ప్రజలే వేరే వైద్యం మొదలుపెట్టారు.

ఇక్కడ ప్రొటెస్టెంట్ల మూలపురుషుణ్ణి ఒకసారి తలచుకోవాలి. గుంటూరులో 1842 నుంచి లూథరన్ మిషన్ ఉంది. మన తెలుగు పల్లెల్లో లూథర్ అన్నది బాప్తిస్మపు పేరుగా కూడా వినిపిస్తుంది. ఆయన గనుల ప్రాంతం బిడ్డ అన్న సంగతి మన కార్మికులకు ఎవరూ చెప్పినట్లు లేదు. తండ్రి హాన్స్ జర్మనీలోని మాన్స్‌ఫెల్డ్‌లో రాగి కొలుములు నడిపినవాడు. 1517లో పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ధిక్కరించిన ఆ వీరుడే, 1525లో రైతులు అదే బైబిలు చేతబట్టి వెట్టి వద్దన్నప్పుడు, వాళ్లను పిచ్చికుక్కల్ని చంపినట్లు చంపమని ప్రభువులకు కరపత్రం రాశాడు. మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్ దగ్గర వేలమంది తెగటారారు. వారి నాయకుడు థామస్ మ్యూంట్సర్‌కు శిరచ్ఛేదం జరిగింది. 1543లో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టాలని కూడా లూథర్ రాశాడు. ఎంగెల్స్ 1850లో ఆ రైతాంగ యుద్ధం గురించి రాసినప్పుడు, లూథర్ ప్లేటు ఫిరాయించడాన్ని ఒక వ్యక్తి దుర్మార్గంగా వదిలేయలేదు. ఏ వర్గం అండతో ఆయన నిలబడ్డాడో ఆ వర్గం భయంలో దాని మూలం వెతికాడు. అజరయ్య లూథర్ వంటివాడు కాడు. ఎవరినీ చంపమనలేదు, ఎవరి గుడినీ తగలబెట్టమనలేదు. నేను పోల్చేది మనుషులను కాదు. పైనుంచి వచ్చే పెత్తనాన్ని ప్రశ్నించిన సంస్కర్త, అదే ప్రశ్న కిందినుంచి తనవైపు వచ్చినప్పుడు ఏం చేస్తాడన్నది పోలిక.

గాంధీతో వచ్చిన వివాదంలో మాత్రం నా మొగ్గు సందేహం లేకుండా అజరయ్య వైపే. 1930లలో హరిజనుల సామూహిక మతాంతరీకరణను గాంధీ తీవ్రంగా వ్యతిరేకించాడు. 1936 చివర జాన్ మాట్‌తో మాట్లాడుతూ, సువార్త గ్రహించే శక్తిలో కొందరు అస్పృశ్యులు ఆవుకంటె కూడా తక్కువని అర్థం వచ్చే మాట అన్నాడు. ఆ మాట మీద గోల లేచాక, ఆవుతో పోల్చడం తన దృష్టిలో అవమానం కాదని సంజాయిషీ ఇచ్చాడు. అది గాంధీ దృష్టి. ఆవు దృష్టి, అస్పృశ్యుడి దృష్టి ఎవరూ అడగలేదు. అజరయ్య వాదన సూటిది: మాదిగవాడికి మనసుంది, ఏది నమ్మాలో ఏది విడవాలో నిర్ణయించుకునే హక్కు వాడిది. బియ్యం కోసం మతం మారారన్న ఎగతాళి వెనుక ఉన్న ధీమా ఏమిటంటే, పేదవాడికి ఆకలి తప్ప ఆలోచన ఉండదని. ఆ ధీమాను ఎదిరించినప్పుడు, రాజకీయాలకు దూరంగా ఉన్న బిషప్, మహాత్ముడికంటె ఎక్కువ ప్రజాస్వామికవాది. సహాయ నిరాకరణలోనూ ఉప్పు సత్యాగ్రహంలోనూ చేరలేదు కనుక ఆయన జాతిద్రోహి అనే మన పాత సూత్రం ఈ ఒక్కచోటే విరిగిపోతుంది.

ఆయన అభిప్రాయాల్లో అన్నిటికంటె చిక్కుముడి అయినది ప్రత్యేక నియోజకవర్గాల విషయం. 1932 నాటి కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినప్పుడు ఆయన వ్యతిరేకించాడు. క్రైస్తవులు ఓట్ల కోసం విడిపోయిన ఒక గుంపుగా మారితే, ఇరుగుపొరుగు నుంచి తెగిపోతారని ఆయన భయం. మతోన్మాద రాజకీయాలు ఏ దారి పట్టాయో చూసినవాళ్లం, ఆ భయాన్ని కొట్టివేయలేము. జాతీయవాదులు మెచ్చుకున్న అభిప్రాయం కూడా ఇదే. అయినా ఆ త్యాగం ఎవరి సొత్తును గూర్చి? బిషప్‌కు గవర్నరు దర్బారులో చోటుంది. కృష్ణా జిల్లా కూలి క్రైస్తవుడికి శాసనసభలో ఒక గొంతు ఉండాలా వద్దా అన్నది, ఆ కూలిని అడిగి తేల్చవలసిన సంగతి. తండ్రిగారు పిల్లల తరపున నిర్ణయించాడు. (మన యూనియన్లలో నాయకుడు కార్మికుల తరపున ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చి, తర్వాత గేటు మీటింగులో వినిపించడం ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.)

1935 అక్టోబరులో యేవలాలో అంబేద్కర్, హిందువుగా చావనని ప్రకటించాడు. చర్చివారికి ఆశలు కలిగాయి. అంబేద్కర్ అడిగిన ప్రశ్నకు తన దగ్గర జవాబు లేకపోయిందని అజరయ్యే చెప్పుకున్నాడు: మేము మీలో చేరితే ఏ చర్చిలో చేరాలి, ఇన్ని ముక్కలుగా ఉన్నారు గదా? ఆయన ఆ ప్రశ్నను నిజాయితీగా తీసుకున్నాడు. 1919 తరంగంబాడి సమావేశం నుంచి ఆయన శ్రమించిన చర్చి ఐక్యత, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరింది. చూడడానికి ఆయన లేడు. కాని అంబేద్కర్ ప్రశ్నలో సగమే ఆయన విన్నాడని నా ఫిర్యాదు. ముక్కలు ఆంగ్లికన్, మెథడిస్టు, బాప్టిస్టులవి మాత్రమేనా? మాలలు ముందు చేరిన చర్చికి మాదిగలు పోకపోవడం, మాదిగలు నిండిన చర్చికి మాలలు దూరం కావడం తెలుగు ప్రొటెస్టెంట్ చరిత్ర పొడుగునా ఉన్న సంగతి. ఇంగ్లండు తగాదాలను అతికించడానికి ఆయన ఇరవై అయిదేళ్లు పట్టుదలగా పనిచేశాడు. పల్లెలో రెండు గూడేల మధ్య ఉన్న దూరాన్ని మాత్రం బాప్తిస్మం తుడిచివేస్తుందని నమ్మాడు. చర్చిలో కులం ఉండరాదని గట్టిగా బోధించాడు, నిజమే. బోధిస్తే పోయే జబ్బయితే కులం వేమన కాలంలోనే పోయి ఉండాలి.

బాప్తిస్మం పొందినవాడు ఇక మాదిగ కాడు అన్న ఆ నమ్మకాన్ని ప్రభుత్వం వేరే విధంగా అమలు జరిపింది. 1936 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, భారతీయ క్రైస్తవుణ్ణి షెడ్యూల్డు కులస్తుడిగా ఎంచరాదన్నది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఆ గుర్తింపును పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో మతం మారిన షెడ్యూల్డు కులాలవారు బి.సి.-సి వర్గంలో ఒక్క శాతం కింద ఉన్నారు. 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణాలో షెడ్యూల్డు కులాల వర్గీకరణ అమలులోకి వచ్చింది. ఆ మూడు గ్రూపుల లెక్కలో కాగితం మీద క్రైస్తవుడైన మాదిగకు చోటు లేదు. ఈ ఉత్తర్వులకు అజరయ్య కర్త కాడు, ఆ నింద ఆయన మీద వేయడం అన్యాయం. కాని కులం ఆత్మకు సంబంధించిన పాపమని చర్చి అన్నది, ఆత్మ మారింది గనుక కులం పోయిందని సర్కారు అన్నది. ఇద్దరి తర్కం ఒకటే. ఫలితంగా మన బస్తీల్లో ఒకే మనిషికి ఆదివారం ఒక పేరు, దరఖాస్తులో మరొక పేరు. దీన్ని మోసం అనేవాళ్లు, ఆ మనిషిని ఆ సందులోకి నెట్టినదెవరో కూడా చెప్పాలి.

ఇక సాహిత్యం సంగతి. ఆయన జీవితాన్ని డోర్నకల్‌లో పనిచేసిన మిషనరీ కరోల్ గ్రాహం 1946లో భక్తితో రాసింది. సూసన్ హార్పర్ 2000లో పరిశోధనతో రాసింది. ఆ గ్రంథం పేరులోనే ఆయన మహాత్ముడి నీడలో నిలబడతాడు. రెండూ ఇంగ్లీషు పుస్తకాలు. గ్రాహంలో మచ్చ లేని బిషప్ కనబడతాడు. హార్పర్‌లో ఇరుకున పడిన బిషప్ కనబడతాడు. అది చాలా మేలు. అదే 2000 సంవత్సరంలో తెలుగులో జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ వచ్చింది. దాని నేల కోస్తా, డోర్నకల్ కాదు. కాని రూతు జ్ఞాపకంగా సాగే ఆ నవలలో, శివయ్య కరువు రోజుల్లో కాలువ పనికి పోయి క్రైస్తవుడవుతాడు. వచ్చిన కొత్త దేవుడితోపాటు పాత భూమి సమస్య కూడా ఆ కుటుంబాన్ని తరతరాలూ వెంటాడుతుంది. జీవితచరిత్రలో బిషప్‌కు గొంతు ఉంది, గూడెం నివేదికల్లోని అంకె. నవలలో గూడేనికి గొంతు ఉంది, బిషపులు ఎక్కడో దూరాన ఉంటారు. మా విద్యార్థులకు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవమని చెబుతుంటాను. బిషప్‌కూ శివయ్యకూ మధ్య ఒక మనిషి ఉన్నాడు: పాకబడిలో పదిరూపాయల జీతానికి పగలు పాఠం, రాత్రి ప్రార్థన చెప్పిన మాల, మాదిగ ఉపాధ్యాయుడు. చర్చిని నిలబెట్టినవాడు అతను. దొర మనుషుల దెబ్బలు ముందుగా తగిలే ఒళ్లు అతనిది. ‘తండ్రిగారూ’ అని చేతులు కట్టుకుని నిలబడినప్పుడు అతని మనసులో ఏముందో, ఎడింబరో ప్రసంగం అతనికి ఎవరైనా తెలుగు చేసి చెప్పారో లేదో, ఆ కథ రాయవలసి ఉంది.